రిపోర్టు వచ్చేలోపు

రిపోర్టు పన్నెండింటికన్నరు.
"నా మొఖమేం చూస్తవు గంటసేపు,
పో, అట్ల తిరిగి రా" అన్నది శివలీలక్క,
సెలైన్ చెయ్యి కదలనియ్యకుండ
రెండో చేత్తో నన్ను నూకి.
తలుపు దాటుతుంటె ఎనకనుంచి మళ్ల:
"మన వాగు గూడ ఈడికే వస్తదంట గదరా,
ఎట్లున్నదో చూసి రా."

ఆవరణల చింతచెట్టు కింద
ఎవరెవరి తాలూకువాళ్లో సద్దిడబ్బలు విప్పుతున్నరు.
వరదొచ్చిన నాడు
మనుషులను కొమ్మల మీద మోసిన చెట్టంట.
ఇయ్యాల ఒక తడి తువ్వాల మోస్తున్నది.

నయాపుల్ మీద ముందుగాల వాసన వస్తది,
తర్వాతనే నది.
గోడ మీదికి వంగి చూసిన.
అనంతగిరి కింద
అక్క లంగ ఎత్తిపట్టి ఒక్క గంతుల దాటిన వాగు,
నన్ను సంకనేసుకున్ననాడు మాత్రం
నడుమ బండ మీద ఆగిపోయి
నవ్వు ఆపుకోలేక ఇద్దరినీ తడిపిన వాగు,
ఇదేనా?
నల్లటి నీళ్లు సబ్బునురుగు మోసుకుంట
బాకీ ఉన్నోళ్ల ఇంటిముందు నుంచి పోయినట్టు
ఓ పక్కకు ఒదిగి పోతున్నయి.
మిగిలిన వెడల్పంత బర్రెగడ్డి.
నిలువెత్తు.
ఒకాయన కోసి మోపు కడుతున్నడు
నది నడిబొడ్డుల, పొడికాళ్లతోని.

మదీనా చౌరస్తా దాటితె
పత్తర్‌గట్టి రాతి కమాన్ల కింద సగం షట్టర్లు ఇంకా లేవలె.
ఈ బజారుకు పొద్దు పదకొండు గంటలకు పొడుస్తది.
ఒక పిలగాడు పావురాలకు జొన్నలు చల్లుతూ
చల్లినన్ని తనూ బుక్కుతున్నడు.
పెండ్లిపత్రికల దుకాణం అద్దంల
నమూనా కార్డొకటి ఎండకు వెలిసింది.
అచ్చులున్న పెండ్లి ఎప్పుడో పోయిన ఏడు.
ఆ పెండ్లిపిల్ల ఇప్పుడు
ఏ వంటింట్ల ఉల్లిగడ్డ కోస్తున్నదో.

గుల్జార్‌హౌజ్ చుట్టు ఆటోలు గానుగెద్దులు.
దూరంగ చార్మినార్.
అందాక పోలె.
ఊకె పోయొద్దామంటె కాళ్లకు చెప్పొచ్చు గని
గడియారానికి చెప్పలేం.

మళ్లుతుంటె పిలిచిండు అత్తరు దుకాణం ఖుద్దూస్ సాబ్.
"కొననని" అన్న.
"ఎరుకే. అంగిజేబుల దవాఖాన పాసున్నోడు ఏం కొంటడు?
చెయ్యియ్యి."
సీసా మూత వెనుక పుల్లతో
మణికట్టు మీద ఒక్క చుక్క.
మల్లె గాదు, గులాబీ గాదు.
ఎండిన కుండ మీద తొలి చినుకు పడ్డ వాసన.
"మట్టి. ఉత్త మట్టి.
రుద్దకు సుమా, రుద్దితె చస్తది."

ఇగ వాపసు దారంత
ఆ చెయ్యిని విరిగిన చెయ్యోలె
రొమ్ముకు ఆనిచ్చి నడిచిన.
తోపుడుబండ్లను తప్పుకున్న,
ఖర్బూజ ముక్క తిని చూడమన్నాయనను తప్పుకున్న,
నయాపుల్ మీద
ఊపిరి బిగవట్టి, చెయ్యిని అంగి లోపల దాచిన,
తన నీళ్ల కాడ తన మట్టినే దాచుకునే కొడుకునైన.

కౌంటరు కాడ:
"ప్రింటరు పనిజేస్తలేదు. రెండింటికి రండి."

అక్క మంచం అంచున కూసున్నది, కాళ్లు వేలాడేసి.
రిపోర్టు అడగలె.
"చూసినవా?"
"చూసిన."
"ఎట్లున్నది?"
అబద్ధం చెప్పొద్దనుకున్న. నిజం చెప్పరాలె.
"పచ్చగున్నదక్కా.
ఈ గట్టు నుంచి ఆ గట్టు దాక."

చెయ్యి ముందుకు చాపిన.
ముక్కు ఆనిచ్చి చానసేపు తియ్యలె.
"బయట వాన పడుతున్నదారా?"
కిటికీ అవతల వైశాఖం ఎండ
రేకుల మీద చిటపటమంటున్నది.

అప్పుడే వార్డుబాయ్
ఫినాయిలు నీళ్లు కుమ్మరించి
ఈ చివరి నుంచి నెట్టుకుంట వచ్చిండు.
"కాళ్లెత్తుర్రి, కాళ్లు కాళ్లు."
తెల్లటి నీళ్లు మంచాల కిందికెల్లి
పాయలు పాయలుగ మా దిక్కొస్తుంటె
అక్క
చీర కుచ్చిళ్లు పిడికిట్ల పట్టి
రెండు కాళ్లూ ఒక్కసారే ఎత్తింది.