వార్నిష్

మోటరు కాలితే ముందుగాల వాసనొస్తది.
నాకు ఏ వాసనా రాలె.
చండూరు సంతల ఎడమకాలి చెప్పు
నా ఎనక పది అడుగుల దూరంల ఆగిపోయింది,
తెల్వక నేను నడుస్తనే ఉన్న.

"ఫ్లోరైడు నీళ్లు, ఇంకేంది" అన్నరు.
మా దిక్కు కాలు వంకరవోతే
కారణం ఎవ్వరు అడగరు,
బోరింగు దిక్కు చెయ్యి చూపిస్తరు.
ఎముకలు కాదని తేలనీకి రెండేండ్లు.
పట్నంల మిషిన్ల పండవెట్టి
మెదడు ఫొటో తీసి చూపెట్టిండు డాక్టరు,
అండ్ల తెల్ల మచ్చలు, సున్నం చిట్లినట్టు.
"నరం మీది పొర లేస్తున్నదమ్మా అండాలూ" అన్నడు.

నాకు అంతకంటే చెప్పే పని లేదు.
పన్నెండేండ్ల సంది అన్న దుకాణంల
మోటర్లకు వైండింగు చుడుతున్న.
రాగితీగ మీద వార్నిష్ ఎంత పల్చగుంటదో
నా ఏళ్లకెరుక.
అది గీసుకపోయిన కాడ
కరెంటు తొవ్వ తప్పుతది.

మంచం దిగకు, అలిసిపోతవు అన్నది అమ్మ.
ఆరు నెలలు దిగలె.
పిక్కలు కందికట్టెలైనయి.

నల్లగొండల తస్నీం మేడం
స్టూలొకటి ముందలేసింది.
లే. కూసో. లే.
ఏడోసారికి తొడలు గుర్రుమన్నయి,
ఒక ఫేజు పోయిన మోటరు లెక్క.

ఎండాకాలం తెల్లారగట్ల నాలుగున్నరకే,
మెడ మీద తడి తువ్వాల.
ఒకనాడు ఆలస్యమైంది, ఒళ్లు వేడెక్కింది,
కుడికన్ను మసకైంది. ఫోన్ల ఏడ్సిన.
"చల్లవడు. ఇది కొత్త దెబ్బ కాదు, వేడి" అన్నది మేడం.
నీళ్లు పోసుకొని కూసున్న.
గోడమీది క్యాలెండరుల అంకెలు
ఒక్కొక్కటే తిరిగొచ్చినయి,
తొమ్మిది అన్నిటికంటే ఆఖరుకు.

అలుపు రెండు తీర్లు.
ఒకటి, ఏ పని చెయ్యకముందే
తడిసిన బొంత మీదేసినట్టు వస్తది.
ఇంకోటి, స్టూలు మీద పదిసార్లు లేచినంక వచ్చేది.
దీనికి ఆకలుంటది.
పచ్చిపులుసుతోని రెండు ముద్దలు ఎక్కువ తింటది,
పండితే నిద్రవోతది.
ఇది నా అలుపు, నేను సంపాదించుకున్నది.

ఊడిన వార్నిష్ కసరత్తుతోని రాదు.
మేడం అబద్ధం చెప్పలె.
కాని బోరు ఎండిన రైతు
పక్క చెలకకెల్లి పైపు గుంజుకున్నట్టు
ఒంట్ల ఏదో అడ్డతొవ్వ దేవులాడుకుంటున్నది.
మెల్లగ.
కొన్ని దినాలు అది సుత లేదు.

నిన్న పుల్లెంల రైతు
ఐదు హెచ్‌పీ మోటరు దించి, నిలవడి అడిగిండు:
"వరి ఎండుతుంది, ఎప్పుడిస్తవు?"
"రేపు, నా కసరత్తు అయినంక."
ఏదో గొణుక్కున్నడు.
దుకాణం మెట్లు మూడు, గోడ వట్టకుండ ఎక్కిన.
ఎక్కినంక
కిందికి చూసుకున్న, చెప్పు కాలికున్నదా అని.

ఉన్నది.