లవంగనూనె

స్వాంకీ మాస్టారు సీసా మూత తీసి
"వాసన తగిలినవాళ్ళు చెయ్యెత్తండి" అన్నారు.
కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. బయట ఉత్తర సముద్రం
ఆర్‌బ్రోత్ రేవుగోడని ఎప్పట్లాగే కొడుతోంది.
గడియారం ఫెర్గస్ చేతిలో.

తొమ్మిది సెకన్లకి మొదటి బెంచీలో ఒక చెయ్యి.
పక్కనే ఇంకోటి.
తర్వాత రెండో వరస.

నాకు వాసనలు తెలియవు. పుట్టుకతోనే.
పదకొండేళ్ళొచ్చినా ఎవరికీ చెప్పలేదు,
చెప్పడానికి అదొక సంగతని తెలిస్తే కదా.
"అబ్బ, ఏం వాసన" అని జనం ముక్కు మూసుకుంటే
అదేదో మర్యాద అనుకునేదాన్ని,
తుమ్మినవాళ్ళకి దీవెన చెప్పడంలాంటిది.

ఆ రోజు మొదటిసారి వాసనని చూశాను.
చేతుల మీదుగా నడిచొచ్చింది.
తిన్నగా రాలేదు.
మధ్యలో ఎవర్నో వదిలేసి, వెనకవాణ్ణి ముందు తాకి,
సంతలో తప్పిపోయిన పిల్లలా
అందర్నీ ఢీకొంటూ, వెనక్కి తిరుగుతూ,
నా దాకా వస్తోంది.
తొమ్మిది. ఇరవై రెండు. నలభై ఒకటి.
నేను లెక్కేసుకున్నాను.
నా వంతు డెబ్భై దగ్గర ఉండాలి.
ఎత్తాను.

బోర్డు మీద గ్రాఫు గీశారు మాస్టారు.
నా అబద్ధం సరిగ్గా గీత మీద పడింది.
జలుబు చేసి, నిజాయితీగా చెయ్యెత్తని డూగల్‌ని మాత్రం
"లెక్కలోంచి తీసేద్దాం" అన్నారు.

తర్వాత మూడు గళ్ళు గీసి సున్నాలు నింపారు.
మొదటి గడిలో బడి ఫొటోలో పిల్లల్లా
భుజాలు రాసుకుంటూ, వరసల్లో.
"కదలవా సార్?"
"కదులుతాయి. నిలబడ్డచోటే వణుకుతాయి."
రెండో గడిలో వరస చెడిపోయింది,
అయినా ఒకదాన్నొకటి ఆనుకునే ఉన్నాయి.
మూడో గడిలో ఆరే ఆరు. మిగతాదంతా బోర్డు నలుపు.

"ఈ మధ్యలో ఏముంది?"
"గాలి!" అంది క్లాసంతా.
"గాలే కదర్రా ఈ సున్నాలు."
కాసేపు రేవుగోడ చప్పుడొక్కటే.
"ఏమీ లేదు" అన్నాను నేను.

అదేం కష్టమైన జవాబు కాదు నాకు.
ఏమీ లేకపోవడం
నేను పుట్టినప్పట్నుంచీ మా పొరుగిల్లే.

పైగా కణాన్ని ఆ గదిలో ఎవరు చూశారు?
మాస్టారు కూడా చూడలేదు.
అందరూ నాలాగే
ఎత్తిన చేతుల్ని చూసి నమ్మాల్సినవాళ్ళే.

మిగతాది ఇంటిదారిలో అర్థమైంది.

అమ్మది చేపలకి పొగపెట్టే షెడ్డులో పని.
హాడక్ చేపల్ని రెండేసి తోకలు కలిపి నారతో కట్టి,
కర్రకి వేలాడదీసి,
నిప్పుల మీద తడి గోనె కప్పుతుంది.
నా కోటు ఆ షెడ్డు తలుపు వెనకే ఉంటుంది రాత్రంతా.
నా పక్క సీటు రెండేళ్ళుగా ఖాళీ.
కట్రియోనా "కిటికీ వెలుతురు కావాలి" అని లేచి వెళ్ళింది.
కిటికీ నా పక్కనే ఉంది.

అంటే,
నా కోటు నాకంటే ముందే క్లాసులోకి వెళ్తోందన్నమాట.
నన్నడక్కుండా నాలుగు వరసలూ తిరిగి
ఒక్కొక్కరి ముక్కులో దూరుతోందన్నమాట,
ఇన్నాళ్ళూ,
ఎవరూ చెయ్యెత్తకుండా.

షెడ్డు ముందు నిలబడి గట్టిగా ఊపిరి పీల్చాను.
వచ్చే ఉంటాయి లోపలికి, లెక్కలేనన్ని.
తలుపు తట్టే ఉంటాయి.
తీసేవాళ్ళు లేరంతే.
తట్టడం మాత్రం అబద్ధం కాదు.

గోనె పైకెత్తి అమ్మ నావైపు చూసింది,
పొగకి కళ్ళు చికిలించి.
"ఏంటే ఇష్‌బెల్, ముక్కెగబీలుస్తున్నావు? జలుబా?"

"లెక్కేస్తున్నా" అన్నాను.

కోటు విప్పి చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాను.
తర్వాత తగిలించాను,
తలుపు వెనక, ఎప్పుడూ ఉండే మేకుకే.