తలుపు సందు

హాలు లోపల ఏదీ ముట్టుకోరట.
ఆ చెక్క గోడలూ, ఆ కుర్చీలూ, ఆ ప్రతిధ్వనీ
యాభై ఏళ్లుగా మాగిన పండు,
కదిలిస్తే చెడిపోతుందన్నారు.
మార్చేదంతా బయటిదే:
మెట్లు, లాబీ, కాఫీ బల్లలు,
ఆడవాళ్ల బాత్రూం ముందు వంకర్లు తిరిగే వరస,
కోట్లు తగిలించే నా గది.

బెర్గెన్‌లో వాన పడని రోజు గురించి
జనం ఒకరికొకరు చెప్పుకుంటారు, పెళ్లి కబురు చెప్పినట్టు.
మిగతా రోజులన్నీ నావి.
ముప్ఫయ్యొక్కేళ్లు
తడిసిన ఉన్ని బరువు ఈ చేతుల మీద మోశాను.
జేబులు తడమకుండానే తెలుసు:
దగ్గు బిళ్లలు, పాత బస్సు టిక్కెట్టు,
జత తప్పిన చేతి తొడుగు.
నూట పధ్నాలుగో కొక్కెం డాక్టరు హల్‌డిస్‌ది.
ఆవిడ రావడం మానేశాక
దానికి ఇంకొకరి కోటు తగిలించడానికి
నాకో చలికాలం పట్టింది.

ఈ వేసవిలో తివాచీ లేపారు.
ఇన్నాళ్లూ గోధుమ రంగనుకున్నాం.
గోడ మూల మడతలో అది ఇంకా నారింజ.
దాని కింద జిగురు,
జిగురు కింద నల్ల పలకరాయి, చేప వీపులా.
పోలండ్ నుంచి వచ్చిన లెషెక్
మోకాళ్ల మీద కూర్చుని రోజంతా గోకుతాడు.
ఓ ముత్యం దొరికింది, రెండు నాణేలు,
ఏదో వాద్యం తాలూకు తెగిన తీగ.
తీగని మాత్రం జేబులో వేసుకున్నాడు.

"లోపల కచేరీ ఎప్పుడైనా విన్నారా?" అన్నాడు.
విన్నాను, అన్నాను. తలుపు సందులోంచి.

మూడో గంట మోగాక
కుడి తలుపు, తేమకి ఉబ్బి, పూర్తిగా పడేది కాదు.
వేలు పట్టేంత సందు.
మంద్రం నేలలోంచి వచ్చేది,
తారం సందులోంచి.
మధ్యస్థాయి మొత్తం నేనే పూరించుకున్నాను.

ఆర్కిటెక్టు పిల్ల సున్నీవా కాగితం పరిచింది.
"కొత్త తలుపులు. డెబ్బై రెండు మిల్లీమీటర్లు, చుట్టూ రబ్బరు.
మీ చేతిలో గ్లాసు పగిలినా
లోపల చీమ చిటుక్కుమన్నట్టు కూడా ఉండదు."
మరి లోపలిది బయటికి?
కాగితం మీద లేని గది గురించి అడిగినట్టు చూసింది.
"రాదండీ," అంది సంబరంగా.

మంచి పిల్లే. కొక్కేలు ఎంత ఎత్తులో ఉండాలని
నన్నడిగిన మొదటి మనిషి.
నీ భుజం ఎత్తు కాదమ్మా, నా భుజం ఎత్తు, అన్నాను.
జానెడు కిందికి దించింది.

అక్టోబరులో తెరిచారు.
కొత్త దీపాల కింద జనం
ఎవరింటికో మొదటిసారి వచ్చినట్టు నడిచారు.
మేయరు గొడుగు ఎక్కడ పెట్టాలో తెలీక
చంకలో పెట్టుకునే ఉపన్యాసం చదివాడు.
రెండో గంట. మూడో గంట.
తలుపులు పెదాల్లా కలిశాయి.

అంతే. ఏమీ లేదు.
నా గదిలో నాలుగొందల కోట్లు
చుక్క చుక్కగా కారుతున్నాయి.
ఎవరో నా చెవుల మీద చేతులు పెట్టినట్టుంది.

కాసేపయ్యాక, ఎందుకో, చెప్పులు విప్పాను.
లెషెక్ గోకి గోకి తేల్చిన రాయి
చల్లగా, ఒట్టిగా.
అందులోంచి వచ్చింది, డబుల్ బేస్,
తివాచీ ఉన్నరోజుల కంటే దగ్గరగా,
మడమల దాకా, పిక్కల దాకా.

తారం రాలేదు.
ఇక అదీ నేనే పూరించుకోవాలి.