కొలతల పుస్తకం

టేపు నా మెడలోనే వేలాడుతుంటుంది,
నిద్రలో తప్ప.
సెకొండీలో చేపల రేవు వెనక
మూడో సందులో నా కుట్టుమిషను.
ఈ పేట ఆడవాళ్ళ నడుములు
వాళ్ళ మొగుళ్ళకన్నా నాకే బాగా తెలుసు.

పెళ్ళప్పుడు ఇరవై ఎనిమిది.
తొలిబిడ్డకు పేరు పెట్టేనాటికి ముప్పై నాలుగు.
చావుబట్టలకని, ఎరుపూ నలుపూ గుడ్డ పట్టుకొచ్చేసరికి
మధ్యలో ఇన్ని అంగుళాలు ఎక్కడివో
వాళ్ళూ అడగరు, నేనూ అనను.
కుట్టు లోపల రెండంగుళాల మడత వదిలేస్తాను, అంతే.
ఒళ్ళు చేశావు అంటే ఇక్కడ దీవెన.
ఇంట్లో పొయ్యి ఆరడం లేదని.

నన్ను నేను కొలుచుకుని ఎన్నాళ్ళయిందో.
పోయిన హర్మటాన్ గాలులకి
ఊరంతా దుమ్ము పట్టిన రోజు చూసుకుంటే
నలభై ఆరు.
అందులో మెత్తనిది మెత్తగా ఉంది.
దాని కింద, ఒక పక్కకి, గట్టిగా ఇంకేదో,
పావడాలో పచ్చి బొప్పాయి దాచినట్టు.

చర్చి మెట్ల మీద మామె క్రెంట్సిల్
నా చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకుంది,
"నలభై ఒకటో ఏట దేవుడు చూశాడే!"
నేను కాదనలేదు.
ఆ ఒక్క ఆదివారం
కడుపు పండినదానిలా నడిచాను,
నడుం మీద చెయ్యేసుకుని, నెమ్మదిగా.
గురువారానికి నెత్తురు.
ఎప్పటిలాగే, ఎప్పటికన్నా ఎక్కువ.
స్టూలు మీద నల్లగుడ్డ పరుచుకునే కుడతాను నేను,
ఏళ్ళుగా.

టాకొరాడీ ఆస్పత్రి. పొట్ట మీద చల్లని జిగురు.
"ఐదు గడ్డలు," అంది డాక్టరు పిల్ల, అజారా,
"గర్భసంచి పద్దెనిమిది వారాల సైజు."
వారాలా?
బిడ్డ లేనిచోట కూడా వారాల్లోనే లెక్కా మీకు?
నా దగ్గర అంగుళాలున్నాయి, కావాలంటే తీసుకోండి.
నవ్వలేదు. కాసేపాగి నవ్వింది.

కాగితం మీద గీసి చూపించింది:
తలకిందులుగా అవకాడో, దాంట్లో ఐదు గింజలు.
కొవ్వు ఊరికే కూర్చోదట.
నడుం చుట్టూ చేరి అదీ ఒక వంటిల్లు పెడుతుందట.
అండాశయం వండే ఈస్ట్రోజన్‌నే
సన్నని సెగ మీద రాత్రీపగలూ వండుతుందట.
ఈ గడ్డలకి ఆ కూడంటే ప్రాణం.
పొయ్యి ఆరని ఇల్లు!
నోరు చేదయింది.

"అయితే నేనే పెంచానా?
కెంకీతో, పామాయిల్ పులుసుతో,
రాత్రి రెండింటికి ఎవరిదో పెళ్ళిగౌను ముగించి
డబ్బా అడుగున పాలు వేలితో నాకినందుకు?"

"విత్తనం ఎవరేశారో మాకూ తెలీదు.
మా అక్క ఈనుపుల్ల, తనకీ ఉన్నాయి.
పోసే నీళ్ళు తగ్గించమంటున్నాను.
తగ్గిస్తే ఎండిపోతాయని మాటివ్వలేను."
మాటివ్వలేదు కాబట్టే నమ్మాను.

ఆపరేషనంటే రక్తం కావాలి,
రక్తమంటే ఇద్దరు తమ్ముళ్ళు కావాలి.
నాకున్నది ఒక్కడు, వాడూ సముద్రం మీద.

నేను మంగళవారం పుట్టాను, అందుకే అరబా.
మంగళవారం ఇక్కడ పడవలు దిగవు, కడలికి సెలవు.
ఇప్పుడు ఆ రోజు మిషనుకీ సెలవే.
లైట్‌హౌసు దాకా నడుస్తాను.
మధ్యలో రెండుసార్లు గోడ పట్టుకుంటాను.
వలలు అల్లేవాళ్ళు పకపకలాడతారు,
"ఎవరి మీద అలిగి పోతున్నావే అరబా?"
మూడు నెలలకి ఒక అంగుళం.
అది మెత్తనిదో గట్టిదో టేపు చెప్పదు.

నిన్న ఒక పిల్ల వచ్చింది, ఎకుయా,
పంతొమ్మిదేళ్ళు, బొద్దుగా, ముద్దుగా,
కాలేజీ డాన్సుకి నీలం గౌనట.
ఛాతీ. నడుం. తుంటి.
పెన్ను ఆగింది.
నెలకి ఎన్ని రోజులవుతావే, అన్నాను
నోట్లో గుండుసూదులతోనే.
సిగ్గుపడి, గోడవైపు తిరిగి,
తొమ్మిది, అంది. ఒక్కోసారి పది.

పుస్తకంలో గీత కొట్టి
నాలుగో గడి చేశాను.