నానబోసే లెక్క

బ్రాడీపేట, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
నాలుగు బై పద్నాలుగు అని రాస్తాం.
మా గుంటూరులో చిరునామాలన్నీ భిన్నాలే.
ఆ మూలనే నా జిరాక్సు కొట్టు.

వడ్లమూడి బస్సు దిగి వచ్చింది ఖిమా ఘర్తి,
రోల్పా కొండల పిల్ల, ఇంజనీరింగు నాలుగో ఏడు.
తెలుగు కూరగాయల బజారంత వచ్చు,
బేరానికి సరిపోతుంది, బాధకి చాలదు.

"అక్కా, జర్మనీ. జనవరి ముప్పై ఒకటి ఆఖరు,"
అంటూ పుట్టిన కాగితం నా చేతిలో పెట్టింది.
రెండు వేల యాభై తొమ్మిది!
ఇంకా రాని ఏడులో ఎలా పుట్టావే అని నవ్వాను.
వాళ్ళ లెక్క విక్రమార్కుడిది,
మనకన్నా యాభై ఏడేళ్ళు ముందు నడుస్తుందట.
మా గోడమీద పంచాంగంలో ఏళ్ళకి అంకెలుండవు, పేర్లుంటాయి.
ఇది విశ్వావసు.
వచ్చేదాని పేరు పరాభవ.
అది మాత్రం ఆమెకి చెప్పలేదు.

పాడైన కాపీ ఒకటి వెనక్కి తిప్పి
అట్టడుగున రాశాను: జనవరి ముప్పై ఒకటి.
ఇక పైకి పోవాలి, వెనక్కి వెనక్కి.
పొద్దున ఇడ్లీ కావాలంటే
నిన్న మధ్యాహ్నమే పప్పు నానాలి.
రాత్రి తొమ్మిదింటికి గుర్తొస్తే
మినప్పప్పు నీ బతిమాలుడు వినదు.

ఇంగ్లీషు పరీక్ష మార్కులకి పదమూడు రోజులు.
పరీక్షకి విజయవాడలో సీటు దొరకాలంటే నెల.
సీటుకి పాస్‌పోర్టు. అందులో ఘర్తి మగర్,
మార్కుల జాబితాలో ఒట్టి ఘర్తి.
ఆ మగర్ ఎక్కడ జారిపోయిందో చెప్పే కాగితం
రోల్పాలో దిగి, ఖాట్మండులో ముద్ర వేయించుకుని
ఇక్కడికి రావాలి. మధ్యలో దశైం సెలవులు.
సిఫార్సు రాయాల్సిన మాస్టారు
కూతురి పురిటికని తెనాలిలో ఉన్నారు.

రాస్తూ రాస్తూ కాగితం పైఅంచుకి వచ్చేశాం.
అక్కడ ఆగస్టు ఉంది.
కొట్టు బయట అప్పటికే అక్టోబరు.

ఇద్దరం కాసేపు ఏమీ అనలేదు.
నేను జీవితమంతా ముందునుంచే లెక్కపెట్టాను,
ఇంకా బోలెడు రోజులున్నాయని.
నా దూరవిద్య ఫారం ఇప్పటికీ
టోనరు డబ్బా కింద ఉంది, సంతకంతో సహా.

"రెండు గిన్నెల్లో నానేద్దాం అక్కా," అంది పిల్ల.
అంతే. ఒకదాని కోసం ఒకటి ఆగకుండా
ఇటు సీటు, అటు ముద్ర.
తెనాలికి తనే పాసింజరెక్కి వెళ్ళింది.
ఆసుపత్రి వరండాలో, గోడకి ఆనించి,
మాస్టారు సంతకం పెట్టారట;
సున్నం అచ్చు కాగితం వెనక ఇంకా ఉంది.

ఆఖరి రాత్రి కొట్టు మూయలేదు.
అక్కడ అర్ధరాత్రయితే
ఇక్కడ తెల్లారగట్ల నాలుగున్నర,
రోల్పాలో నాలుగూ ముప్పావు.
వాళ్ళమ్మ ఫోనులో మేలుకుని ఉంది,
మాకన్నా పావుగంట ముందు.
బయట వాళ్ళ మామ, లక్ష్మీపురం గస్తీ మానుకుని.
మామ అనే మాట రెండు భాషల్లోనూ ఒకటే.
నాలుగు కాగానే అలవాటు కొద్దీ
కరెంటు స్తంభాన్ని కర్రతో నాలుగుసార్లు కొట్టాడు.
ఫైలు బరువెక్కువైందని రెండుసార్లు తిప్పికొట్టింది.
ఫొటో చిన్నది చేశాను. మొహం కొంచెం మసకైంది.
నాలుగూ పదిహేడుకి నొక్కింది.

అందిందని రెండు ముక్కలు, జర్మన్‌లో.
"ఇప్పుడు?" అంది.
"ఇప్పుడు పులియాలి. మూత తీసి చూడకూడదు."

మామ బనీను జేబులోంచి పది నోట్లు తీశాడు,
ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చుకునే నోట్లు.
ఇరవై మూడు కాపీలు, నలభై ఆరు రూపాయలు.
తీసుకున్నాను. తీసుకోకపోతే నొచ్చుకునే మనిషి.

అప్పుడే యార్డుకి మిర్చి లారీ ఒకటి దారి తప్పి
మా లైనులోంచి పోయింది.
ముగ్గురం ఒకరి వెనక ఒకరు తుమ్మాం.
ఒక్క తుమ్ము అపశకునం, రెండు మంచిదంటారు.
మూడింటికి ఏమంటారో
మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.