సెంటర్

అప్పట్లో సెంటర్ ఆయనది.
సత్యనారాయణపురం రైల్వే గ్రౌండులో
డ్యూటీ దిగి, షెడ్డు గ్రీజు గోళ్లలో ఉండగానే
పసుప్పచ్చ ఉన్ని బంతిని కట్ చేస్తే
దారం తెగినట్టు నెట్ పక్కనే రాలేది.
ఆఖరి పాయింటు జక్రయ్యదేనని
చూసేవాళ్లు టీ పందెం కాసేవాళ్లు.

మోకాలు ఒకరోజు మాట వినలేదు.
ఆఫీసు ఒక ఫైలిచ్చింది,
మేనేజర్ అని కాగితమిచ్చింది.

ఇప్పుడు బెర్తులు లెక్కపెడతాడు,
అరటిపళ్లు, మోకాలి పట్టీలు, చిల్లర.
గుంటూరులో ఆడి తిరిగొచ్చే పాసింజర్లో
ఎవడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడో చూసి
వాడి పక్కన కూలబడతాడు.
ఆట గురించి మాట్లాడడు.
"మిర్చి యార్డు ఘాటు, కళ్లు మండుతున్నాయి కదరా" అని
వాడు చెప్పాల్సిన సాకు తనే చెప్తాడు.

మొన్న టోర్నీకి జట్టు రాస్తున్నాడు.
సెంటర్ అని రాసి, ఎదురుగా
చెయ్యి దాని మానాన అది
జక్రయ్య అని రాసేసింది.
బంతి లోపలా బయటా అన్నట్టు
కాసేపు గీత వైపే చూశాడు.
కొట్టేశాడు.
పైన ఇరుగ్గా నా పేరు రాశాడు.
కొట్టేసింది ఇంకా చదవొస్తోంది.

ఇరవై ఏడు దగ్గర నా మణికట్టు వణికింది.
వాళ్లు గెలిచారు.

మంగళగిరి వెళ్లిపోయింది.
కృష్ణ మీద బ్రిడ్జి మోత.
పక్కన ఆయన, మోకాలు నిమురుకుంటూ.
యార్డు ఎప్పుడో వెనకపడింది,
అయినా
ఘాటేనన్నాడు.