కత్తెర ఎడమకి జరిగింది

మొన్న రాత్రి కొత్త వెర్షన్ వచ్చింది.
ఎక్కడో చలిదేశంలో ఎవరో
కత్తెర బొమ్మని కుడి నుంచి ఎడమకి జరిపి
"చిన్న మార్పు" అని ఒక్క ముక్క రాసి
నిద్రపోయాడు.

పాత పోస్టాఫీసు వెనక సందులో, రెండో అంతస్తులో
నాకు నిద్ర లేదు.
అరవై ఒక్క బొమ్మలు మళ్ళీ తియ్యాలి.
"కుడివైపు" అన్నచోటల్లా "ఎడమవైపు" అని దిద్దాలి.
అన్నచోటల్లా అంటే అన్నిచోట్లా కాదు,
"మౌస్ కుడి మీట" అలాగే ఉండాలి.
పోయినసారి ఒక్క దెబ్బకి అన్నీ మార్చేసి
రెండు నెలలు జనం చేత ఎడమ మీట నొక్కించినవాణ్ణి.

పగలు పోర్టు కాటా దగ్గర ఉద్యోగం.
లారీ ఎక్కుతుంది, దిగుతుంది,
నిండు బరువులోంచి ఉత్త బరువు తీసేసి చీటీ రాస్తాను.
రాత్రీ అదే పని.
"వినియోగదారుడు సదరు దృశ్యఖండమును ఎంచుకొనవలెను"
ఇది నా మొదటి ఏడాది తెలుగు.
ఇప్పుడు: "ముక్క మీద నొక్కండి."

కిటికీ చువ్వల మీద బొగ్గుపొడి.
కీబోర్డు మీద 'క్ష' గట్టిగా గుద్దితే గాని పడదు,
అంచేత నా పుస్తకంలో క్షమాపణలు తక్కువ.

"ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేరుకి ఊరికే రాసే గైడు,
ఎవడు చదువుతాడోయ్?" అంటాడు
కాటా మీద నా జోడీ గొర్లె సూరిబాబు.
నిజమే, ఎవరూ చదవరు.
పొద్దున్నకల్లా పెళ్ళి వీడియో ఇవ్వాల్సి ఉండి
సరిగ్గా తాళి కట్టేచోట శబ్దం పోయిన
అర్ధరాత్రి
తప్ప.

చివరి పేజీలో నా నంబరుంటుంది, తప్పులుంటే చెప్పమని.
పెద్ద జాలరిపేట నుంచి చేసిందొకమ్మాయి,
తెడ్డు నూకరత్నం.
"మాస్టారూ, రెండు ముక్కల మధ్య అంతరాళం అన్నారు, ఏటది?"
ఖాళీ, అన్నాను.
"చిరుగు అనొచ్చు కదండీ. వలకి పడినట్టే కదా.
కుట్టేస్తాం."
ఆ రాత్రే ముప్పై నాలుగుచోట్ల
అంతరాళం పోయి చిరుగు పడింది.

ఫోను పెట్టెయ్యలేదింకా.
"ఇంకోటండి. మీ బొమ్మలన్నిట్లో తెప్ప పక్కన నిలబడి
ఎర్ర చొక్కా, చెయ్యెత్తి...
ఆడు మా తమ్ముడండి."

బొమ్మల కోసం ఎప్పుడూ ఒకటే వీడియో వాడతాను.
పన్నెండు సెకన్లు,
ఎనిమిదేళ్ళ కిందట లాసన్స్ బే పక్కన తీసింది.
ఏడో సెకను దగ్గర ముల్లు ఆపుతాను.
అక్కడ కుర్రాడు ఎవర్నో పిలుస్తూ చెయ్యెత్తుతాడు,
అలల్లో మాట వినపడదు.
ఇన్నాళ్ళూ నాకతను "ఉదాహరణ 1".

"వేరావల్ బోట్లమీదికి ఎల్లిపోనాడండి, మూడేళ్ళయింది.
మీసాలొచ్చేసేయి, ఫోన్లో కనపడితే మేమే గుర్తుపట్లేం.
ఆ బొమ్మ మార్సీకండి."

డ్రెడ్జరు ఈ నెల మళ్ళీ వచ్చింది.
హార్బరు నోటికడ్డం పేరుకున్న ఇసక తోడి
గొట్టాల్లోంచి బీచ్ మీదికి కక్కుతోంది, నల్లనీళ్ళతో సహా.
కోస్టల్ బ్యాటరీ దగ్గర నిలబడి చూశాను.
ఏడాది తిరిగేసరికి ఆ ఇసక ఉండదు.
గొట్టాలు బిగించేవాళ్ళకీ తెలుసు, బిగిస్తున్నారు.
నా పక్కన మురీ మిక్చరు తింటున్నాయన
"దండగ" అన్నాడు.
కాగితం నావైపు చాపాడు, కొంచెం తీసుకున్నాను.

ఇప్పుడు రెండుంబావు. నలభై మూడో బొమ్మ.
కత్తెర ఎడమకొచ్చింది. రంగుల పెట్టె కిందికి దిగింది.
ముక్కల పట్టీ అప్పుడు నీలం, తరవాత బూడిద,
ఇప్పుడు మళ్ళీ నీలం.
ముల్లు ఏడో సెకను దగ్గరికి తెచ్చి ఆపాను.
చెయ్యి లేచింది.

కింద ఒక వాక్యం ఉండాలి:
"కోత ఎర్ర చొక్కా కుర్రాడికి ముందు పెట్టండి,
అతని మీద కాదు."
రెండుసార్లు చదివాను. దిద్దలేదు.

ఫిషింగ్ హార్బర్లో ఎవరో ఇంజను తిప్పుతున్నారు,
అందుకోవట్లేదు.
ఇంకా పద్దెనిమిది.